శేషాచలం అడవి, చంద్రగిరి కోట: చెన్నై నుంచి ఒక పగటి ప్రయాణం

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా కుటుంబం మూడు తరాలుగా చెన్నైలోనే ఉంటోంది. తిరుపతికి వెళ్ళిన ప్రతిసారీ దర్శనం, లడ్డు, తిరుగు ప్రయాణం, అంతటితో సరి. ఈసారి దర్శనం పెట్టుకోకుండా, ఒక్క పగటిలో కారు మీద శేషాచలం అడవినీ, ఆ చుట్టుపక్కల పాత కోటలనూ గుళ్ళనూ చూసి రాత్రికి ఇల్లు చేరాలని అనుకుంటున్నాము. మాతో పదేళ్ళ మనవడు, డెబ్బై దాటిన మా అక్కయ్యగారు వస్తారు. నేనూ మా అబ్బాయీ ఇద్దరమూ కారు నడుపుతాము. శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు ఎక్కడని ఎవరిని అడిగినా జూ పార్కుకు దారి చెబుతున్నారు. ఏ దారిన వెళ్ళాలి, ఏది ముందు చూడాలి?
(ఒక పాఠకుడు, మొగప్పేర్, చెన్నై)

జవాబు: దర్శనం పెట్టుకోకుండా వెళ్ళాలన్న మీ నిర్ణయమే ఈ ప్రయాణానికి ఆయువుపట్టు. తిరుమల క్యూ కాంప్లెక్సులోకి అడుగు పెట్టిన తరువాత ఎప్పుడు బయటికి వస్తామో చెప్పడం మన చేతిలో ఉండదు కనుక, అడవినీ కోటనూ అదే రోజున కలుపుకోవాలనుకునేవారికి సాధారణంగా ఏదీ తృప్తిగా దక్కదు. ‘ఇంత దూరం వచ్చి కొండెక్కకుండా వెళ్తామా’ అని కారులో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ మాటకు సమాధానం ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని బయలుదేరండి.

పేర్ల విషయంలో మీకు కలిగిన తికమక చాలామందికి ఉన్నదే. తిరుపతి శివార్లలో 1987లో తెరిచిన జంతు ప్రదర్శనశాలకూ, 1989లో ప్రకటించిన జాతీయోద్యానానికీ శ్రీవేంకటేశ్వరుని పేరే పెట్టారు. జూ కంచెలు వేసిన ప్రదర్శనశాల. జాతీయోద్యానం మాత్రం శేషాచలం కొండల మీద సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న అడవి. దీనిని కలుపుకొని మరింత విశాలమైన ప్రాంతాన్ని 2010లో శేషాచలం జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. కారులో వచ్చిన మామూలు సందర్శకుడు ఈ అడవి లోపలికి తేలికగా వెళ్ళగలిగే చోటు తలకోన. అందువల్ల ఫోనులోని మ్యాపులో పార్కు పేరు కాకుండా తలకోన జలపాతం అని వెతకండి.

మీ ఇంటి నుంచి తలకోన సుమారు 200 కిలోమీటర్లు. అంటే రోజు మొత్తానికి 400 కిలోమీటర్లు దాటుతుంది. నడిపేవారు ఇద్దరున్నారు కాబట్టి సరేనంటున్నాను. ఒక్కరే అయితే రాత్రికి తిరుపతిలో బస చేయమనే చెప్పేవాడిని. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే రెడ్‌హిల్స్, పెరియపాళెం మీదుగా ఊత్తుకోట చేరేసరికి బాగా వెలుతురు వస్తుంది. తిరువళ్ళూరు, తిరుత్తణి దారి ఎక్కువమందికి అలవాటైనదే అయినా, పోయేటప్పుడు ఊత్తుకోట దారినే నేను ఇష్టపడతాను. ఊత్తుకోట దగ్గరే కండలేరు నుంచి పూండి జలాశయానికి నీరు తెచ్చే తెలుగుగంగ కాలువ తమిళనాడులోకి ప్రవేశిస్తుంది. మన కుళాయిల్లోకి వచ్చే నీటిలో కొంత 1996 నుంచి ఆ కాలువ గుండా వస్తున్న కృష్ణా నీరేనన్న సంగతి మీ మనవడికి పుస్తకంలో చదివించడం కన్నా కాలువ గట్టు మీద నిలబెట్టి చెప్పడం మేలు.

సరిహద్దు దాటగానే సురుటుపల్లి వస్తుంది. హాలాహలం మింగిన శివుడు పార్వతీదేవి ఒడిలో తల పెట్టుకుని పవళించిన రూపం అక్కడ మూలవిరాట్టు. మరికొంత దూరం పోతే నాగలాపురం. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరు మీద వెలయించిన ఊరు, మత్స్యావతారుడైన వేదనారాయణస్వామి గుడి. మార్చి నెలలో మూడు రోజుల పాటు సాయంకాలపు సూర్యకిరణాలు వరుసగా స్వామి పాదాలను, నాభిని, నుదుటిని తాకేలా ఆ గుడిని కట్టారు. రెండు గుళ్ళూ చూడదగ్గవే కానీ, ఈ ప్రయాణంలో ఒక్కటే చూడండి, అదీ అరగంటకు మించకుండా. నన్ను అడిగితే నాగలాపురమే చూడమంటాను, ఎందుకంటే మధ్యాహ్నం చంద్రగిరిలో మీరు వినబోయే రాయల కథకు అది మొదటి అధ్యాయం. నారాయణవనం, పుత్తూరు దాటి రేణిగుంట చేరాక, తిరుపతి నగరం నడిబొడ్డులోకి పోకుండా శ్రీనివాసమంగాపురం వైపు వెళ్ళే రోడ్డు పట్టుకోండి. పుత్తూరులో ఆగే పని విరిగిన ఎముకకు కట్టు కట్టించుకునేవారికే ఉంటుంది; ఆ అవసరం మీకు రాకూడదు.

ఇక్కడ నా సలహా చాలామంది చెప్పే దానికి భిన్నంగా ఉంటుంది. చంద్రగిరి ముందే తగులుతుంది కదా అని ముందు కోట చూసి తరువాత అడవికి వెళ్ళేవారే ఎక్కువ. మీరు అలా చేయవద్దు. మంగాపురం, రంగంపేట దాటి నేరుగా భాకరాపేట ఘాట్ ఎక్కి, పది గంటలకల్లా తలకోనలో ఉండండి. ఘాట్ రోడ్డును వెలుతురులో దాటడం ఒక కారణం. మలుపులు మరీ ఎక్కువ కాకపోయినా వేగంగా వచ్చే లారీలు, బస్సుల వల్ల అది చీకట్లో ప్రమాదకరమైన దారి. 2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి వస్తున్న నిశ్చితార్థపు బృందం బస్సు రాత్రి వేళ అక్కడే లోయలో పడి కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండో కారణం, పక్షులూ ఉడుతలూ ఎండ ముదరక ముందే తిరుగుతాయి. మూడోది మీ అక్కయ్యగారి కోసం: నడక అంతా ఉదయమే అయిపోతే, మధ్యాహ్నం కోటలో ఆమె గడ్డి మైదానంలో నీడన కూర్చున్నా సరిపోతుంది.

భాకరాపేట దాటాక నెరబైలు మీదుగా తలకోనకు దారి. అటవీశాఖ గేటు దగ్గర రుసుము కట్టి లోపలికి వెళ్తే సిద్ధేశ్వరస్వామి గుడి, దాని దగ్గర కారు నిలిపే స్థలం ఉంటాయి. అక్కడి నుంచి జలపాతం దాకా కాలినడకే. దారి కొంత మెట్లు, కొంత రాళ్ళు, కొంత చెట్ల వేర్లు. మీ అక్కయ్యగారికి మోకాళ్ళ నొప్పులుంటే జలపాతం దాకా రమ్మని బలవంతపెట్టకండి. గుడి చుట్టుపక్కల ఉన్న చెట్ల కిందనే అడవి గాలి, పిట్టల కూతలు ఆమెకు దక్కుతాయి. నడిచినవారికి దారిలో కనిపించే వింత గిల్లతీగ. మనిషి నడుమంత లావుగా పెరిగి, మెలికలు తిరుగుతూ ఒక చెట్టు మీది నుంచి ఇంకో చెట్టు మీదికి పాకి, మీటరు దాకా పొడవుండే కాయలు వేలాడదీసుకునే ఈ తీగను చూస్తే అడవి వయసు ఎంతో కొంత అర్థమవుతుంది. మద్ది, జాలారి, ఎర్రచందనం చెట్లను గుర్తుపట్టాలంటే స్థానికుడైన గైడును వెంట తీసుకోండి. అడవి అంచు పల్లెలవారికి ఈ పర్యాటకం మీద బతుకుతెరువు ఉంది కాబట్టి ఆ డబ్బు వృథా పోదు.

జలపాతం ఎత్తు 270 అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో అంత ఎత్తు నుంచి పడే జలపాతం వేరొకటి లేదని చెబుతారు. నిలువుగా నిలబడ్డ రాతిగోడ పై అంచు నుంచి సన్నని ధారలుగా పడి, మధ్యలోనే తుంపరగా విడిపోయే నీరు అది. కుర్తాళంలో లాగా మీద పడి వీపు చరిచే నీరు కాదు. అందుకే ‘ఇంతేనా’ అని పెదవి విరిచి వెనుదిరిగే కుర్రవాళ్ళు కనిపిస్తుంటారు. ఆ గోడ కింద పావుగంట ఊరికే కూర్చుంటే తప్ప దాని గొప్పతనం పట్టుబడదు. మడుగులో దూకడం మాత్రం వద్దు. నీటి అడుగున రాళ్ళున్నాయి, దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

భోజనం ఇంటి నుంచే పులిహోర, పెరుగన్నం కట్టుకు వెళ్ళడం క్షేమం. కోతుల వల్ల సంచీ జిప్పు వేసే ఉంచాలి, తిన్న ఆకులూ కాగితాలూ తిరిగి కారులోనే తెచ్చుకోవాలి. ఒంటిగంటన్నరకు అక్కడి నుంచి కదిలితే మూడు గంటలకు చంద్రగిరి చేరతారు. కోట, మ్యూజియం చూసుకుని ఐదింటికి బయటపడి, దగ్గరలోనే ఉన్న శ్రీనివాసమంగాపురంలో కల్యాణ వేంకటేశ్వరుని దర్శించుకోండి. మీ అక్కయ్యగారికి కొండ ఎక్కలేదన్న వెలితి అక్కడ చాలావరకు తీరుతుంది. నారాయణవనంలో పెళ్ళయిన తరువాత శ్రీనివాసుడు పద్మావతితో కలిసి ఆరు నెలలు ఇక్కడి అగస్త్యాశ్రమంలో ఉన్నాడని స్థలపురాణం. అన్నమాచార్యుల మనుమడు తాళ్ళపాక చిన తిరుమలయ్య శిథిలమైన ఆ గుడిని బాగు చేయించి పూజలు పునరుద్ధరించినట్టు 1540 నాటి శాసనం చెబుతోంది. ఆరింటికి బయలుదేరి పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు దారిన వస్తే పదింటికి ఇల్లు చేరవచ్చు.

ప్రశ్న: చెన్నపట్నం పుట్టుకకు కారణమైన పత్రం మీద సంతకం జరిగింది చంద్రగిరి కోటలోనే అని మా తాతగారు చెప్పేవారు. మద్రాసు కథలో తెలుగువారి పాత్ర గురించి కాలేజీలో వ్యాసం రాస్తున్న మా అమ్మాయి, దానికి ఆధారం ఏమిటని అడుగుతోంది. కోటకు వెళ్తే ఏమి చూడాలో కూడా దయచేసి చెప్పండి.
(ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై)

జవాబు: మీ తాతగారి మాటలో సారం ఉంది, అమ్మాయి వ్యాసంలో మాత్రం దానిని రెండు పత్రాలుగా విడదీసి రాయాలి. మొదటిది 1639 నాటిది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఇసుక నేలను కోట కట్టుకోవడానికి పొందింది వందవాసి కేంద్రంగా ఈ తీరాన్ని ఏలుతున్న దామెర్ల వేంకటాద్రి నాయకుని దగ్గర. ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూందమల్లిలో ఉండి ఈ వ్యవహారాన్ని ముందుకు నడిపాడు. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీదుగానే చెన్నపట్నం ఏర్పడింది. అయితే ఈ నాయకులు స్వతంత్రులు కారు. వారి పైన ప్రభువులు చంద్రగిరి, వేలూరు కోటల నుంచి పాలిస్తున్న అరవీటి వంశపు విజయనగర రాయలు. రెండో పత్రం 1645లో అదే వంశానికి చెందిన మూడవ శ్రీరంగరాయలు ఇంగ్లీషువారికి ఆ హక్కులను ఖాయపరుస్తూ ఇచ్చినది. నాయకుడిచ్చిన కౌలు లేకపోతే కోట మొదలయ్యేది కాదు, రాయలు ఒప్పుకోకపోతే అది నిలిచేది కాదు. రాయలు ఆ మాట ఇచ్చిన మరుసటి ఏడే, 1646లో, చంద్రగిరి గోల్కొండ సైన్యం వశమైంది. ఇంకో ఏడాది ఆలస్యమై ఉంటే ఇంగ్లీషువారు ఆ హక్కుల కోసం తెలుగు రాయల దగ్గరకు కాక గోల్కొండ దర్బారుకు వెళ్ళవలసి వచ్చేది. అమ్మాయి తన వ్యాసంలో ఈ ఒక్క సంవత్సరం తేడా మీద ఒక పేరా రాస్తే బాగుంటుంది.

ఇక కోట సంగతి. క్రీస్తుశకం 1000 ప్రాంతంలో యాదవరాయల పాలనలో దీనికి పునాది పడింది. విజయనగర కాలంలో ఇక్కడ అధికారిగా ఉన్న సాళువ నరసింహుడు 1485లో సంగమ వంశాన్ని తొలగించి తానే సింహాసనం ఎక్కాడు. కృష్ణదేవరాయలు తిరుమలకు ఏడుసార్లు వచ్చినట్టు శాసనాలు ఉన్నాయి. ఆ యాత్రలన్నీ 1513కూ 1521కూ నడుమ జరిగినవే. ఆయన తమ్ముడు అచ్యుతరాయలు 1529లో పట్టాభిషిక్తుడయ్యే ముందు చంద్రగిరిలోనే ఉన్నాడు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత రాజధాని హంపి నుంచి పెనుగొండకూ, పదహారో శతాబ్దం చివరికి వేంకటపతి రాయల కాలంలో చంద్రగిరికీ మారింది. జెస్యూట్ పాదిరీలు ఆయన దర్బారుకు వచ్చి, తాము చూసినదంతా ఉత్తరాలుగా రాసి తమ పెద్దలకు పంపారు. ఓడిన రాజ్యపు చివరి రాజధానుల్లో ఒకటి అని చంద్రగిరిని చిన్నచూపు చూడడం నాకు నచ్చదు; వేంకటపతి రాయల దర్బారులో విద్వాంసులకూ చిత్రకారులకూ కొరత ఉండేది కాదు.

కోటలో ఇప్పుడు మిగిలిన భవనాలలో రాజమహల్, రాణీమహల్ ముఖ్యమైనవి. రాజమహల్ మూడంతస్తుల భవనం. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, పైకప్పులకు దూలంగా ఒక్క కొయ్యముక్క కూడా వాడలేదు. తోరణాలు చూస్తే సుల్తానుల కట్టడమనిపిస్తుంది, పైన ఉన్న గోపురాలు చూస్తే గుడి అనిపిస్తుంది; ఆ రెండింటినీ ఒకే గోడలో పొసగించడం విజయనగర శిల్పుల ప్రత్యేకత. పై అంతస్తులో దర్బారు మందిరం ఉంది. లోపల పురావస్తుశాఖ మ్యూజియం చుట్టుపక్కల శిథిలాలయాల నుంచి తెచ్చిన విగ్రహాలతో నిండి ఉంటుంది. చాలామంది మ్యూజియం చూసి, ముందున్న పచ్చికలో ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. మీరు భవనం వెనక్కి వెళ్ళండి. కొండకు ఆనుకుని పాత కోనేరు, బావి, ప్రాకారపు గోడ కనబడతాయి. వెనకనున్న సుమారు 180 మీటర్ల రాతికొండ మీద పై కోట ఉండేది. శత్రువు కింది కోట దాకా వచ్చినా పై కోట నిలబడాలన్న ఉద్దేశంతో కట్టినట్టు అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. కొండ ఎక్కడానికి ఈ ఒక్కరోజు ప్రయాణంలో సమయం చాలదు, మధ్యాహ్నపు ఎండలో ప్రయత్నించనూ వద్దు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. సాయంత్రం కోటలో సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన ఉంటుంది కానీ, అదే రాత్రి చెన్నై చేరాలనుకునేవారు దాని జోలికి పోకూడదు.

ప్రశ్న: పోయిన ఏడాది తలకోన వైపు వెళ్ళినప్పుడు మా తమిళనాడు నంబరు కారును చెక్‌పోస్టులో ఆపి, డిక్కీ తెరిపించి, సీట్ల కింద కూడా వెతికారు. కుటుంబంతో ఉన్నా దొంగలను చూసినట్టు చూశారు. ఇది న్యాయమేనా? మళ్ళీ వెళ్ళాలంటే ప్రత్యేక అనుమతి ఏమైనా తీసుకోవాలా?
(ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై)

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ చెక్‌పోస్టు అక్కడ ఎందుకు ఉందో తెలిస్తే మనసు కొంత కుదుటపడుతుంది. ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. కడప, తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఈ తూర్పు కనుమల కొండలే దాని పుట్టిల్లు. నిదానంగా పెరిగే చెట్టు అది. ఎర్రని చేవ తయారు కావడానికి దశాబ్దాలు పడుతుంది. విదేశాలలో దానికి పలికే ధర వల్ల దొంగ నరుకుళ్ళు ఆగడం లేదు. నరికే పనికి తమిళనాడు కొండ ప్రాంతాల పేద కూలీలను తెచ్చి, వారిని ముందు పెట్టి, వెనక నుంచి నడిపే ముఠాలు ఉన్నాయి. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు మరణించడం, దాని మీద రెండు రాష్ట్రాలలోనూ పెద్ద అలజడి రేగడం మీకు గుర్తుండే ఉంటుంది. దుంగలు తరలించేవారు వాడేది లారీలే కాదు, మీకూ నాకూ ఉన్నటువంటి కార్లు కూడా. కాబట్టి తనిఖీ చేయడం న్యాయమే. మర్యాదగా చేయకపోవడం మాత్రం న్యాయం కాదు. ఆ సంగతి మీరు అటవీశాఖ అధికారులకు రాసి పంపవచ్చు.

సొంత కారుకు సరిహద్దు దాటడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. అద్దె కారయితే ఆంధ్రప్రదేశ్ పర్మిట్ ఉందో లేదో డ్రైవరును ముందు రోజే అడగండి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతికందేలా ఉంచుకోండి. అడవిలో నుంచి కట్టెముక్క, తీగ, కాయ, రాయి, ఏదీ తేవద్దు. ‘పిల్లవాడు ముచ్చటపడి ఏరుకున్నాడు’ అన్న మాట చెక్‌పోస్టు దగ్గర చెల్లదు.

ప్రశ్న: తలకోనలో చిరుత, ఏనుగు కనిపిస్తాయా? పిల్లలకు బైనాక్యులర్ కొనాలా?
(ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై)

జవాబు: బైనాక్యులర్ కొనండి, కానీ చిరుత కోసం కాదు. తలకోన సఫారీ నడిపే చోటు కాదు. పగలు మనుషుల అలికిడి ఉన్న దారిలో చిరుత కనబడదు, కనబడాలని కోరుకోనూ కూడదు. ఓపిక ఉన్నవారికి కొమ్మల మీద బెట్టుడుత కనిపిస్తుంది. రాతి పగుళ్ళలో బంగారు బల్లి ఉంటుంది, అది దొరకడం అదృష్టం. దేవాంగపిల్లి రాత్రి తిరిగే జీవి కాబట్టి పగటి యాత్రికులకు లేనట్టే లెక్క. పిల్లలకు పక్షుల బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చి, చూసిన వాటికి టిక్కు పెట్టమనండి. ‘పులి ఏదీ’ అన్న ప్రశ్న దానంతట అదే ఆగిపోతుంది.

ఏనుగుల విషయం తేలికగా తీసుకోవద్దు. ఈ కొండల్లో ఏనుగుల గుంపులు తిరుగుతున్నాయి. 2025 మహాశివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లా గుండాలకోన వైపు అడవి దారిన కాలినడకన తలకోనకు వస్తున్న భక్తులు ఏనుగుల దాడిలో చనిపోయారు. గేటు గుండా వెళ్ళే మామూలు దారి తప్ప, దగ్గర దారి అని ఎవరు చెప్పినా అడవి బాట పట్టవద్దు.

ప్రశ్న: తిరుమల ఘాట్ రోడ్డు మీద కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళ విచిత్రం ఒకటి ఉందని మా జియాలజీ మాస్టారు చెప్పారు. తలకోన యాత్రలో దానిని కూడా కలుపుకోవచ్చా?
(ఒక విద్యార్థి, గిండీ, చెన్నై)

జవాబు: మీ మాస్టారు చెప్పినది ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అనే చోటు గురించి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దానిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ కింద ఉన్నది చాలా పాతదైన గ్రానైటు జాతి రాయి, దాని మీద పరుచుకున్నది నగరి క్వార్ట్‌జైట్ అనే ఇసుకరాతి నుంచి మారిన రాయి. కింది రాయి ఏర్పడి, ఎండకూ వానకూ అరిగి చదునైన తరువాతనే పై రాయి తాలూకు ఇసుక నీటి అడుగున పేరుకుంది. ఈ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల కాలం ఏ గుర్తూ మిగల్చకుండా జారిపోయింది. ఒక అరచేతిని కింది రాతి మీద, ఇంకో అరచేతిని పై రాతి మీద ఆనించగలిగితే ఆ 80 కోట్ల ఏళ్ళు మీ రెండు చేతుల మధ్య ఉన్నట్టే.

చిక్కేమిటంటే, ఘాట్ రోడ్డులో ఇష్టం వచ్చిన చోట కారు ఆపి దిగడం కుదరదు. 1944లో వేసిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగేవారికీ, తరువాత వేసిన రెండో ఘాట్ ఎక్కేవారికీ కేటాయించారు. వేగం పెంచకుండా ఉండడానికి పైకీ కిందికీ ఇంత సమయం తగ్గకూడదని నియమం కూడా పెట్టారు. కిటికీలో నుంచి చూసి ముందుకు పోవడమే. కొండపైన చక్రతీర్థం దగ్గర ఉన్న శిలాతోరణం మాత్రం దగ్గరగా నిలబడి చూడవచ్చు. అదీ ఆ క్వార్ట్‌జైటే. సుమారు 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున గాలీ నీరూ తొలిచిన సహజ తోరణం. కానీ తిరుమల కొండనూ తలకోననూ ఒకే పగటిలో కుక్కవద్దు. మీరు చదువుకునే రాయిని చూడడానికి తిరుమల ఎక్కనక్కర్లేదు. పుత్తూరు, నగరి మధ్య రోడ్డుకు పక్కన నిలువుగా లేచిన కొండలు ఆ నగరి క్వార్ట్‌జైటే. ఆ కొండల్లో ఒక శిఖరాన్ని ఒకప్పుడు ఓడల వాళ్ళు నగరి ముక్కు అని పిలిచి, సముద్రం మీది నుంచే దానిని చూసి తీరం గుర్తుపట్టేవారు. మీరు ఉదయమే తిరుత్తణి దారిన వెళ్తే దాని మీద పడే ఎండలో పొరలు చక్కగా కనబడతాయి. మాస్టారిని వెంట తీసుకుపోతే ఇంకా మంచిది.

ప్రశ్న: ఏ నెలలో, ఏ వారం వెళ్తే మంచిది? పిల్లలకు సంక్రాంతి సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాము.
(ఒక పాఠకుడు, టి.నగర్, చెన్నై)

జవాబు: ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గిన తరువాత, అంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, తలకోనలో నీరూ ఉంటుంది, నడకకు చల్లగానూ ఉంటుంది. అక్టోబరు, నవంబరులలో జలపాతం ఇంకా నిండుగా ఉన్నా, వాయుగుండం ఏర్పడిన వారంలో అడవి గేటు మూసే అవకాశం ఎక్కువ. 2021 నవంబరు వానలకు తిరుమల ఘాట్ రోడ్డు, శ్రీవారి మెట్టు దారి కూడా దెబ్బతిన్నాయి. ఎండాకాలంలో అడవి ఎండి, నీరు సన్నబడి, మధ్యాహ్నానికి రాళ్ళు కాలుతుంటాయి. పిల్లలతో ఏప్రిల్, మే నెలల్లో వద్దు.

వారం విషయానికి వస్తే శుక్రవారం చంద్రగిరి మ్యూజియానికి సెలవు, శనివారం తిరుపతి రోడ్లన్నీ భక్తులతో కిటకిటలాడతాయి, ఆదివారం తలకోనలో నడిచే దారి కూడా దొరకనంత జనం ఉంటారు. సెలవు దొరికితే బుధ, గురువారాలు చూసుకోండి. సంక్రాంతి రోజుల్లో వెళ్తే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మీ దారిలోనే ఉన్న ఎ. రంగంపేటలో కనుమ రోజుల్లో పశువుల పండుగ జరుగుతుంది. కొమ్ములకు పలకలు కట్టిన పశువులను వీధిలో వదిలి, ఆ పలకలు లాక్కోవడానికి కుర్రవాళ్ళు పోటీ పడతారు; చూడడానికి వేల మంది వస్తారు. ఆ రోజున మీ కారు ఆ రోడ్డు మీద ఎంతసేపు నిలబడుతుందో చెప్పడం కష్టం. కనుమ దాటిన రెండు రోజుల తరువాత బయలుదేరండి.